తిప్పవ్వ పొత్తి

అనగనగా అందామంటే, ఈ కథను మొదట అన్నవాళ్లు ఇప్పుడు లేరు. వాళ్ల దగ్గర విన్నవాళ్లూ పోయారు. ఆ విన్నవాళ్ల దగ్గర విన్నవాళ్లలో నేనొకడిని మిగిలాను. మీరొచ్చి కూర్చున్నారు కాబట్టి చెబుతాను. మధ్యమధ్య ఊ కొట్టండి. లేచి మాత్రం పోకండి.

పొత్తి అనే మాట మీలో ఎందరికి తెలుసు? పొత్తిళ్లలో బిడ్డ అంటే అందరూ తల ఊపుతారు. పొత్తి అంటే మొహాలు చూసుకుంటారు. వెనకటికి అది చిన్న గుడ్డేమీ కాదు. ఒంటికి చుట్టుకునేది ఏదైనా పొత్తే. మగవాళ్లు భుజాన వేసుకున్నా పొత్తే, ఆడవాళ్లు ఒంటికి కట్టుకున్నా పొత్తే. తర్వాత్తర్వాత పెద్దవాళ్ల బట్టలకు కోకలనీ పంచెలనీ మాటలు స్థిరపడ్డాయి. పొత్తి పసిబిడ్డల పాలబడింది. పడుగులపల్లె అనే ఊళ్లో మాత్రం ఆ మాట ఇప్పటికీ రెండు పనులు చేస్తుందని చెబుతారు. ఆ రెండో పని దానికి ఎట్లా వచ్చిందో చెప్పడానికే ఈ కథ.

పడుగులపల్లె ఏటి ఒడ్డున ఉండేది. ఊరంతా నేతగాళ్లే. మూడు వీధులు, వీధికి ఇరవై ఇళ్లు, ఇంటికొక మగ్గం. పొద్దు పొడిస్తే మగ్గం చప్పుడు, పొద్దు గుంకితే మగ్గం చప్పుడు. అక్కడ నేసిన కోకలు రాజుల కోటలకు పోయేవట. పోయేవో లేదో నేను చూడలేదు. పడుగులపల్లెవాళ్ల మాటలు వింటే మాత్రం, వాళ్ల బట్ట వచ్చేదాకా రాజులు గోచీలతో ఎదురుచూస్తున్నట్టే ఉండేది.

ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉండేది. నేతగాడి ఒంటి మీద పాతబట్ట కనబడకూడదు. కనబడితే మగ్గానికి అవమానం, మగ్గాన్ని ఇచ్చిన చౌడమ్మ తల్లికి అవమానం. అందుకని ఏటా చౌడమ్మ జాతర నాడు ఊరంతా కొత్తబట్టలు కట్టుకుని, ఏడాదిగా కట్టిన బట్టలన్నీ మూటలు కట్టి ఏట్లో వదిలేసేవాళ్లు. కింది ఊళ్లవాళ్లు ఆ రోజు పనులు మానుకుని, పొడుగాటి కర్రలు పట్టుకుని ఏటి ఒడ్డున కూర్చునేవాళ్లు. వాళ్లకూ అది పండగే.

ఒక కట్టుబాటు ఉంటే దాని వెనకే ఇంకొకటి వస్తుంది. పుట్టిన బిడ్డకు కూడా మగ్గం మీద నుంచి అప్పుడే దించిన బట్టే చుట్టాలన్నారు. మగ్గం మీది బట్ట ఎట్లా ఉంటుందో తెలుసు కదా. పోగు తెగకుండా పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి పట్టిస్తారు. ఆ గంజి ఆరాక బట్ట తాటాకులా నిలబడుతుంది. దాన్ని ఉతికి మెత్తబరచవచ్చు కదా అంటారేమో. ఒకసారి నీళ్లు తగిలితే అది పాతబట్టే అని వాళ్ల తీర్మానం. అట్లాంటి బట్టలో చుడితే పసిగుడ్డు ఒళ్లు ఎర్రబడేది, దద్దులు లేచేవి, గుక్కపట్టి ఏడ్చేది. ఊళ్లోవాళ్లు ఆ ఏడుపు విని, నేతగాడి బిడ్డకు గొంతు పెద్ద అని మురిసిపోయేవాళ్లు. గట్టి బిడ్డలు బతికేవాళ్లు. బలం లేని బిడ్డలు పోయేవాళ్లు. పోయినప్పుడు దిష్టి అనేవాళ్లు, గాలి అనేవాళ్లు, తల్లి తిన్న వంకాయ అనేవాళ్లు. బట్ట అని మాత్రం ఎవరూ అనలేదు. బట్ట వాళ్లు నేసింది కదా.

ఆ ఊళ్లో మూడో వీధి చివర తిప్పవ్వ ఉండేది. కథ మొదలయ్యేనాటికి ఆమె ముప్పై దాటిన మనిషి, అవ్వ కాదు. ఊరు ఆమెను అవ్వగానే గుర్తుపెట్టుకుంది కాబట్టి మనమూ అట్లానే అందాం. ఆమె మొగుడు గురప్ప పెళ్లికి తన చేత్తోనే ఒక కోక నేసి తెచ్చాడు. పదహారు మూరల నీలంచు కోక. రెండేళ్లు కాపురం చేశాడు, జ్వరం వచ్చి పోయాడు. పిల్లలు లేరు. మగ్గం అమ్ముడైపోయింది. తిప్పవ్వ ఇంటింటికీ తిరిగి కండెలకు నూలు చుట్టిపెట్టి, వాళ్లు పెట్టింది తిని బతికేది.

జాతర నాడు అందరూ మూటలు ఏట్లో వేస్తుంటే తిప్పవ్వ వేయలేదు. ఊరి పెద్ద చౌడప్ప అడిగాడు.

"ఏమ్మా, కోక వదల్లేదే?"

"ఇంకా కట్టుకుంటా మామా."

రెండో ఏడు కూడా అడిగాడు. ఆమె అదే మాట చెప్పింది. మూడో ఏటికి అడగడం మానేసి అందరూ నవ్వడం మొదలుపెట్టారు. కూలికి వచ్చిన నాసి కోకలు ఆమె కూడా అందరిలాగే ఏట్లో వేసేది. గురప్ప నేసిన కోక మాత్రం వేయలేదు. పన్నెండేళ్లు కట్టింది. చింపిరి తిప్పి అని పేరు పెట్టారు. పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు కాదు. పిలిచినా పెరట్లో విస్తరి వేసేవాళ్లు. ఆమె తిని, విస్తరి తీసుకుని వెళ్లిపోయేది.

చౌడప్ప కోడలు ఓబుళమ్మ. ఆమెకు మొదటి బిడ్డ పుట్టి ఎనిమిది రోజులకు పోయింది. రెండో బిడ్డ పదకొండు రోజులకు పోయింది. మూడోసారి ఏడో నెలలోనే నొప్పులు వచ్చాయి. అవి చలిరోజులు. ఊరి మంత్రసాని మంచాన పడి ఉంటే, కింది ఊరి నుంచి గంగులమ్మ అనే మంత్రసానిని పిలిపించారు. ఆడపిల్ల పుట్టింది. పిడికెడు బిడ్డ. ఒంటి తోలు ఉల్లిపొరలా ఉంది.

"పాతగుడ్డ తెండి," అంది గంగులమ్మ.

ఎవరూ కదల్లేదు.

"పాతగుడ్డమ్మా. మెత్తంది. నీదో, మీ అత్తదో."

"మా ఇంట్లో పాతగుడ్డ లేదు," అంది చౌడప్ప పెళ్లాం.

"పక్కింట్లో అడుగు."

"పక్కింట్లోనూ లేదు."

"ఊళ్లో?"

"ఊళ్లోనూ లేదు."

గంగులమ్మ అక్కడున్న ఆడవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసింది. "అరవై మగ్గాలున్న ఊళ్లో ఒక పాతగుడ్డ లేదా?"

"ఉంటే మాకు నామోషీ," అంది చౌడప్ప పెళ్లాం.

మొదట మగ్గం మీది బట్ట తెచ్చారు. చుట్టీ చుట్టకముందే బిడ్డ వీపు మీద ఎర్రటి గీతలు తేలాయి. తర్వాత పట్టుబట్ట తెచ్చారు. అది జారిపోయింది, చల్లగా ఉంది, బిడ్డ నీలం తిరిగింది. మూడోసారి గొర్రెలకాపరి దగ్గర గొంగడి తెచ్చారు. దాని వెంట్రుకలు గుచ్చుకుని బిడ్డ ఏడవబోయింది. ఏడ్చే ఓపిక లేక నోరు తెరిచి ఊరుకుంది.

మంచం మీది నుంచి ఓబుళమ్మ అంది, "తిప్పక్కను పిలవండి."

వాకిట్లో నుంచి చౌడప్ప విన్నాడు. "ఆ చింపిరిగుడ్డా? నా మనవరాలికా?"

"ఇద్దరు బిడ్డల్ని కొత్తగుడ్డల్లోనే మోసుకుపోయినారు మామా," అంది ఓబుళమ్మ.

చౌడప్ప మూడో వీధికి మనిషిని పంపాడు.

తిప్పవ్వ వచ్చింది. సంగతి విన్నది. తలుపు చాటుకు వెళ్లి, కోక లోపలి చెరగు రెండు మూరలు చింపి ఇచ్చింది. చిరిగిన చప్పుడు కూడా సరిగా వినబడలేదు, అంతగా మెత్తబడి ఉంది ఆ కోక. గంగులమ్మ దాన్ని వేడినీళ్లలో ఉడికించి, నిప్పుల దగ్గర ఆరబెట్టి బిడ్డకు చుట్టింది. బిడ్డ కళ్లు మూసింది. అందరూ భయపడ్డారు. గంగులమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, "నిద్రపోతాంది," అంది.

నాలుగో రోజుకు బిడ్డ పాలు పట్టింది. బాలక్క అని పేరు పెట్టారు.

"ఆ గుడ్డను మీరేమంటారు?" అని గంగులమ్మను అడిగారు.

"మా ఊళ్లో పొత్తి అంటాం," అంది గంగులమ్మ. "మీ ఊళ్లో లేదు కాబట్టి మాట కూడా లేనట్టుంది."

అప్పటినుంచి పడుగులపల్లెలో ఏ ఇంట్లో కాన్పు అయినా తిప్పవ్వ గుడిసెకు మనిషి వచ్చేవాడు. బిడ్డకు రెండు మూరలు. పదహారు మూరల కోక ఎనిమిది మంది బిడ్డలకు సరిపోయింది. మొదట లోపలి చెరగు పోయింది, తర్వాత కుచ్చిళ్లు పోయాయి, చివరికి కొంగు పోయింది. ఎనిమిదో బిడ్డకు నీలంచు కొంగు ఇచ్చేసి ఇంటికి వచ్చిన రోజు తిప్పవ్వ ఏడ్చింది. గురప్ప చేత్తో నేసిన పోగు ఇంకొకటి లేదు మరి. ఆ ఎనిమిది మందిలో ఒక్కరూ పోలేదు.

తొమ్మిదో కాన్పు దగ్గరపడింది. చౌడప్ప తన మగ్గం మీది కొత్తకోక ఒకటి తిప్పవ్వకు తెచ్చి ఇచ్చాడు. మంచి కోక, చిక్కటి నేత. తిప్పవ్వ దాన్ని చెంపకు ఆనించి చూసింది.

"ఇది బిడ్డలకు పనికిరాదు మామా."

"ఎప్పుడు పనికొస్తుంది?"

"ఏట్లో తడవాల. ఎండకు ఆరాల. ఒంటి మీద ఉండాల. మూడేండ్లు."

"మూడేండ్లా?" అన్నాడు చౌడప్ప. "పదిరోజుల్లో బట్ట నేసే ఊరు ఇది. పాతబట్ట చేయలేమా?"

ఊళ్లో పడుచువాళ్లు ముగ్గురు ముందుకొచ్చారు. మొదటివాడు కొత్తబట్టను ఏటికి తీసుకుపోయి పొద్దున్నుంచి మాపటిదాకా బండకేసి బాదాడు. బట్ట జల్లెడ అయింది. రెండోవాడు చవుడు కలిపిన నీళ్లలో మూడు పూటలు ఉడకబెట్టాడు. బట్ట మెత్తబడిందనుకుని ఎత్తబోతే, నానిన అటుకుల్లా చేతికి ముద్దలు ముద్దలు వచ్చింది. మూడోవాడు తెలివైనవాడు. ఒంటి మీద ఉండాలి అంది కదా తిప్పవ్వ, ఎవరి ఒళ్లో చెప్పలేదు కదా అని బట్టను తన ఎద్దుకు కట్టాడు. వారం తర్వాత చూస్తే సగం బట్టకు పేడ పట్టి ఉంది. మిగతా సగం పక్క ఎద్దు తినేసింది.

ఆ తొమ్మిదో బిడ్డకు కింది ఊరి నుంచి పాతగుడ్డ అరువు తెచ్చుకున్నారు. పడుగులపల్లెవాళ్లు తమ బట్టనే కిందివాళ్లను అడుక్కోవాల్సి వచ్చింది. కిందివాళ్లు ఊరికే ఇచ్చారు కానీ, చాలా రోజులు చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వు చౌడప్ప చెవిన పడింది.

"ఈ మూడేండ్లు తప్పితే ఇంకెప్పుడూ ఎవరినీ అడగొద్దు," అన్నాడు. "తిప్పీ, నువ్వే కట్టి పాతచెయ్యి. కోకలు మేమిస్తాం."

"అట్లే మామా," అంది తిప్పవ్వ.

ఇక తిప్పవ్వ పని అదయింది. కండెలు చుట్టేది, కోక కట్టేది. రెండు కోకలు, ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. ఏట్లో తడిపేది, ఎండకు ఆరేసేది, ఒంటికి కట్టేది. మూడేళ్లకు కోక మెత్తబడేది. మెత్తబడగానే విప్పి ఇచ్చేసేది. మళ్లీ కొత్తది కట్టేది. అరవై మగ్గాలూ బట్టను కొత్తగా చేస్తుంటే, ఒక్క తిప్పవ్వ కూర్చుని దాన్ని పాతగా చేసేది.

ఊళ్లో ఇంకెవరూ పాతబట్ట కట్టడానికి ముందుకు రాలేదా అంటే, రాలేదు. ఊళ్లో ఒక మంచి మనిషి దొరికితే, మిగతావాళ్లకు మంచి చేసే శ్రమ తప్పుతుంది. తిప్పవ్వ ఉంది కదా అనుకున్నారు. జాతర నాడు మూటలు ఎప్పటిలాగే ఏట్లోకి పోయేవి. ఆ రోజు మాత్రం తిప్పవ్వ గుడిసె దాటి వచ్చేది కాదు. పాతకోకతో చౌడమ్మ గుడి ముందుకు రాకూడదు మరి. డప్పులు వినబడుతుంటే లోపలే కూర్చుని కండెలు చుట్టుకునేది. ఆమె గుడ్డలో పెరిగిన పిల్లలందరూ కొత్తబట్టలు కట్టుకుని ఆమె గుమ్మం ముందు నుంచే జాతరకు పోయేవాళ్లు.

అట్లా పద్దెనిమిదేళ్లు గడిచాయి. తిప్పక్క అన్నవాళ్లు పోయి, తిప్పవ్వ అనేవాళ్లు వచ్చారు.

బాలక్కకు పెళ్లయింది. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. అవి కూడా చలిరోజులే. అంతకు ముందు నెలలోనే రెండో వీధిలో ఒకామెకు కవలలు పుట్టారు. ఊళ్లో ఉన్న పొత్తి అంతా వాళ్లకు పోయింది. దండెం మీది కోక ఇంకా కొత్తదే, మిగిలింది తిప్పవ్వ ఒంటి మీది కోక ఒక్కటే. దాన్ని కట్టడం మొదలుపెట్టి మూడేళ్లు కావస్తోంది. తిప్పవ్వకేమో దగ్గు పట్టుకుంది. కండెలు చుట్టడం మానేసి చాప మీద పడుకుంది.

ఓబుళమ్మ గిన్నెలో గంజి పోసుకుని వచ్చింది. గిన్నె కింద పెట్టి అడిగింది, "అయ్యిందా తిప్పవ్వా?"

తిప్పవ్వ కొంగును చెంపకు ఆనించుకుంది. "ఇంకా గరుకేనమ్మా. పదిరోజులుండనీ."

పదిరోజులకు ఓబుళమ్మ మళ్లీ వచ్చింది. తిప్పవ్వ లేవలేకపోతోంది. "అయ్యిందా తిప్పవ్వా?"

"ఇంకా రవ్వంత గరుకుంది. ఇంకొన్నాళ్లు."

మూడోసారి తెల్లవారుజామున వచ్చింది. తిప్పవ్వ ఊపిరి ఎగబీలుస్తోంది. "అయ్యిందా తిప్పవ్వా?"

తిప్పవ్వ చెయ్యి లేపబోయింది. అది లేవలేదు. తల పక్కకు తిప్పి, భుజం మీది కొంగుకు చెంప ఆనించుకుంది.

"అయింది," అంది. "విప్పుకో."

అంతలో వీధిలో నుంచి కేక వినబడింది. బాలక్కకు నొప్పులు మొదలయ్యాయి, నెల ముందే. ఓబుళమ్మ గంజి గిన్నె అక్కడే వదిలి పరుగెత్తింది.

పొద్దెక్కాక బిడ్డ పుట్టింది. మగబిడ్డ. తల్లి ఎట్లా పుట్టిందో అట్లానే ఉన్నాడు, పిడికెడంత. బాలక్క పుట్టింటికి వచ్చిన నాటినుంచీ గంగులమ్మను ఇంట్లోనే ఉంచుకున్నారు. ముసలిదైపోయింది కానీ చేతులు వణకలేదు. బిడ్డను తల్లి రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి, రెండు చేతులూ వాడి వీపు మీద కప్పింది.

"పొత్తి," అంది.

ఓబుళమ్మ తిప్పవ్వ గుడిసెకు వెళ్లింది. గుడిసె ముందు జనం ఉన్నారు. తిప్పవ్వ పోయింది. ఆ కోక ఆమె ఒంటి మీదే ఉంది.

చౌడప్ప ఒక కొత్తకోక పంపించి ఉన్నాడు, శవానికి కప్పడానికి. శవం మీది బట్టను మాత్రం విప్పి ఆమెతో పాటు కాల్చేయాలి. అది అన్ని ఊళ్లలోనూ ఉన్న ఆచారమే. అందులో పడుగులపల్లె వాళ్ల తప్పేమీ లేదు.

"ఆ కోక నాకు కావాల," అంది ఓబుళమ్మ.

ఆడవాళ్లు వెనక్కి జరిగారు. ఒకామె అంది, "శవం మీది గుడ్డ పుట్టినబిడ్డకా? నీకు మతి పోయిందా ఓబుళమ్మా?" ఇంకొకామె అంది, "కింది ఊరికి మనిషిని పంపండి." మూడో ఆమె అంది, "ఏరు దాటి పోయి వచ్చేసరికి సాయంత్రమవుతుంది."

ఓబుళమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కొత్తకోక కప్పి, దాని కిందనే పాతకోక విప్పడం మొదలుపెట్టింది. విప్పుతుంటే తిప్పవ్వ ఒళ్లు చూసింది. నడుము చుట్టూ నల్లటి కమిలిన వరస. మెడ పక్కన, భుజం మీద, కొంగు ఒరుసుకునే చోటల్లా కాయలు కాచిన తోలు. పద్దెనిమిదేళ్లు కొత్తబట్ట గరుకంతా ఆ ఒంటికే తగిలింది. మెత్తబడిన రోజున విప్పి ఇచ్చేసింది, మళ్లీ గరుకుది కట్టుకుంది. గురప్ప కోక అయిపోయాక ఆమె మెత్తటి బట్ట కట్టుకున్న రోజంటూ ఒక్కటి లేదు. మూడుసార్లు గంజి తెచ్చి మూడుసార్లూ కోక సంగతే అడిగింది తాను. నీకెట్లా ఉంది అని అడగలేదు. ఓబుళమ్మ ఆ చాప పక్కన కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఎక్కువసేపు ఏడవడానికి లేదు. అవతల బిడ్డ ఉన్నాడు.

తలుపు తీసేసరికి గుమ్మంలో చౌడప్ప ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, చేతికర్ర పట్టుకుని వచ్చాడు. అందరూ దారి ఇచ్చారు. ఆపడానికి వచ్చాడని అనుకున్నారు.

"మామా, అడ్డం రావద్దు," అంది ఓబుళమ్మ.

"ఆ కోక ఇట్లియ్యి."

"బాలక్క ఈ తల్లి గుడ్డలోనే బతికింది. దాని బిడ్డా బతకాల."

"ఇయ్యి అంటాన్నా గదమ్మా."

ఇచ్చింది. చౌడప్ప దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూశాడు, నేతగాళ్లు చూసినట్టు. అంచు తడిమాడు. అది మూడేళ్ల కింద తన మగ్గం మీద తానే నేసి పంపిన కోక. కళ్లు కనబడుతున్న రోజుల్లో నేసిన ఆఖరి కోక.

"నేను నేసిందే ఇది," అన్నాడు. "నా చేతిలో ఇట్ల లేదు."

కర్ర గోడకు ఆనించి గుమ్మంలోనే కూర్చున్నాడు. కోకను సరిగ్గా సగానికి మడిచాడు. మడత దగ్గర అడ్డంగా నేసిన పేకపోగు ఒకటి వెతికి పట్టుకుని, అటు అంచు నుంచి ఇటు అంచు దాకా మెల్లగా లాగేశాడు. పోగు లాగిన చోట బట్ట గీత గీసినట్టు తిన్నగా చిరుగుతుంది. ఒక సగం కోడలికి ఇచ్చి, "బిడ్డకు," అన్నాడు. రెండో సగం కూడా ఆమెకే ఇచ్చాడు. "ఇది ఆయమ్మకు. కొత్తది పైన ఉండనీ. ఒంటికి మాత్రం ఇది తగలనీ."

ఓబుళమ్మ లోపలికి వెళ్లి ఆ సగాన్ని తిప్పవ్వకు చుట్టింది. పసిబిడ్డకు చుట్టినట్టే చుట్టిందని అక్కడున్న ఆడవాళ్లు చెప్పారు. బిడ్డకిచ్చిన సగం తీసుకుని ఇంటికి పరుగెత్తింది. గంగులమ్మ దాన్ని పసుపు వేసి ఉడికించి, నిప్పుల దగ్గర పట్టుకుని ఆరబెట్టింది. ఆ రోజు తిప్పవ్వను వెంటనే తీసుకుపోలేదు. పొద్దు వాలేదాకా పాడె వాకిట్లోనే ఉంది, ఎవరూ తొందర చేయలేదు. బిడ్డ నిద్రపోయాడని కబురు వచ్చాక లేపారు. అరవై మగ్గాలు ఆపి ఊరంతా వెనక నడిచింది.

బిడ్డ బతికాడు. ఆ ఏడు జాతరలో ఊళ్లోవాళ్లు మూటలు తెచ్చి ఏటి ఒడ్డున నిలబడ్డారు. చౌడప్ప తన పాతపంచెతోనే వచ్చి గుడి ముందు నిలబడ్డాడు. మూటలు తిరిగి ఇళ్లకు పోయాయి. కింది ఊళ్లవాళ్లు పొద్దుగూకేదాకా కర్రలతో కూర్చుని ఉత్తచేతులతో లేచారు. వాళ్లు మాత్రం తిప్పవ్వను ఈనాటికీ క్షమించలేదంటారు.

పడుగులపల్లెలో ఇప్పుడు ముసలివాళ్లకే ముందు కొత్తబట్ట పెడతారు. పెట్టేటప్పుడు, "ఎవరి బిడ్డకు కడతావవ్వా?" అని అడుగుతారు. ఆ అవ్వ ఇంకా పుట్టని బిడ్డ పేరు ఏదో ఒకటి చెబుతుంది. ఆమె పోయిన రోజున ఆ కోకను కాల్చరు. ఇంటి పెద్ద పేకపోగు లాగి సగానికి చింపుతాడు. సగం పుట్టబోయేవాళ్లకు దాస్తారు, సగం పోయిన మనిషి ఒంటికి తగిలేటట్టు చుట్టి, పైన కొత్తది కప్పుతారు. రెండు సగాలనూ పొత్తి అనే అంటారు. మిగతా ఊళ్లలో ఆ మాట పుట్టినవాళ్లకే. పడుగులపల్లెలో పుట్టినవాళ్లకూ పోయినవాళ్లకూ.

ఇంకొక ఆచారం ఓబుళమ్మ పెట్టింది. మంచాన పడిన మనిషిని చూడబోతే, గుమ్మంలోనే నిలబడి "నీకెట్లుందవ్వా?" అని అడగాలి. లోపలికి వచ్చి మళ్లీ అడగాలి. పక్కన కూర్చుని మూడోసారి అడగాలి. మూడుసార్లూ జవాబు వినాలి. ఆ తర్వాత కావాలంటే బట్ట సంగతి అడగవచ్చు. ఎందుకు మూడుసార్లు అని కొత్త కోడళ్లు అడిగితే, ఒకామెను మూడుసార్లు అడగలేదు కాబట్టి అని చెబుతారు.